నర్సరీలో చేరి రెండు నెలలు, ఇంకా పలక పట్టలేదు. ఆటలూ కథలతో నిజంగా నేర్చుకుంటారా?

బుజ్జిగాడి అమ్మ (విజయవాడ)
ఆగస్టు 11, రాత్రి 10:47

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా వాడికి మూడేళ్ళ అయిదు నెలలు. జూన్‌లో నర్సరీలో వేశాం. పుస్తకాలు ఉండవు, హోంవర్క్ ఉండదు, అంతా ఆటలూ పాటలూ కథలే అని చేరేటప్పుడే చెప్పారు. అది నచ్చే వేశాను, అబద్ధం ఎందుకు. ఇప్పటికి రెండు నెలలైంది. రోజూ బూట్లలో గుప్పెడు ఇసుక, చొక్కా నిండా రంగులు. "ఇవాళ ఏం చెప్పార్రా?" అంటే "ఏం లేదు" అంటాడు. నిన్న మాత్రం సోఫాని బస్సు చేసి, తను డ్రైవరై, టికెట్టు కొనకుండా దిగడానికి వీల్లేదని నన్ను అరగంట కూర్చోబెట్టాడు.

మా పై ఫ్లాట్‌లో పాప వీడికంటే నెల చిన్నది. వేరే స్కూలు. ఒకటి నుంచి యాభై దాకా రాస్తుంది. రాష్ట్రాలు, రాజధానులు గడగడా చెప్తుంది. మొన్న ఆదివారం వాళ్ళమ్మ అందరి ముందూ చెప్పించింది. మా అత్తగారు అక్కడే ఉన్నారు. కిందికి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట: "ఇసకలో ఆడుకోడానికి నలభై ఎనిమిది వేలా? ఊళ్ళో మన పెరట్లో ఊరికే ఆడేవాడు కదమ్మా." నా దగ్గర జవాబు లేదు. మా ఆయన ఫోన్ వచ్చినట్టు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

దసరా సెలవులయ్యాక స్కూలు మార్చేద్దామా అని ఒకటే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

లెక్కల నాన్న (హైదరాబాద్)
ఆగస్టు 11, రాత్రి 11:20

మార్చేయండి. మా పెద్దపాపకి ఇదే జరిగింది. రెండేళ్ళు ఆడించారు. ఎల్‌కేజీకి పెద్ద స్కూలుకి తీసుకెళ్తే అక్కడ మేడమ్ ఒక చార్ట్ చూపించి "ఇదేం లెటర్?" అంది. మా పాప ఆ చార్ట్ మీదున్న ఏనుగు గురించి కథ మొదలుపెట్టింది. సీటు రాలేదు. సిద్ధాంతాలు బాగానే ఉంటాయి, గేటు దగ్గర మాత్రం ఏబీసీడీలే అడుగుతారు.

---

గోంగూరపప్పు (రాజమండ్రి)
ఆగస్టు 12, ఉదయం 6:55

మా వాడు మూడేళ్ళకే అన్ని రాజధానులూ చెప్పేవాడండి. బంధువులొచ్చినప్పుడల్లా టీవీ ముందు నిలబెట్టి చెప్పించేవాళ్ళం. ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న పట్నా ఎక్కడుందిరా అంటే "ట్రైన్‌లో వెళ్తారుగా, అక్కడ" అన్నాడు.

---

చింతపిక్క (గుంటూరు)
ఆగస్టు 12, మధ్యాహ్నం 3:10

నేను నర్సరీ టీచర్‌ని, పద్నాలుగేళ్ళ నుంచి. మీ అత్తగారు అడిగిన ప్రశ్న మా దగ్గర ప్రతి జూలైలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, కాబట్టి ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. జవాబుకి బదులు మొన్న గురువారం మా క్లాసులో జరిగింది చెప్తాను.

క్లాసులో ఒక మూల మాకు కిరాణా కొట్టుంది. కొట్టంటే ఏమీ లేదు, బోర్లించిన రెండు అట్టపెట్టెలు, ఒక బొమ్మ తక్కెడ, ఖాళీ డబ్బాలు, ఒక గిన్నెలో చింతపిక్కలు. చింతపిక్కలే డబ్బులు. (మూడేళ్ళు నిండనివాళ్ళ చేతికి మాత్రం ఇవ్వం. నోట్లోకైనా పోతాయి, ముక్కులోకైనా పోతాయి. ముక్కులోకి పోయిన రోజు నేను చూశాను, ఇంకోసారి చూడక్కర్లేదు.) ఆ రోజు ఒక బాబు కొట్టువాడు. ఒక పాప వచ్చి అర కిలో బెండకాయలు అడిగింది. బెండకాయలంటే విరిగిన సుద్దముక్కలు. వాడు తక్కెడలో వేసి "అయిదు" అన్నాడు. పాప మూడు పిక్కలు పెట్టింది. వాడు ఒక్కోదాని మీద వేలు పెట్టి లెక్కపెట్టి "ఇంకా" అన్నాడు. ఇంకోటి పెట్టింది. మళ్ళీ మొదట్నుంచి వేలు పెట్టి లెక్క. "ఇంకొక్కటి." ఆ పాప ఇంకొకటి పెట్టి, గిన్నెలో మిగిలినవి చూసుకుని, "బెండకాయలు ఇంత రేటా?" అంది. అచ్చం వాళ్ళమ్మే.

ఒకటి నుంచి యాభై దాకా అప్పజెప్పడం వేరు, ఇది వేరు. ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె అంటుకోవాలి, రెండుసార్లు లెక్కపెట్టకూడదు, ఏదీ వదలకూడదు, చివర చెప్పిన అంకే మొత్తం అని తెలియాలి. మూడున్నరేళ్ళ వాళ్ళకి ఇదంతా చాలా పెద్ద పని. నాలుగుకి ఇంకొకటి కలిస్తే అయిదని వాడికి నేను చెప్పలేదు. వెనకాల కూర్చుని హాజరు వేసుకుంటున్నాను.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఇంకో బాబు వచ్చి బియ్యం తీసుకుని పోతున్నాడు. డబ్బులేవి అంటే, ఒక చెక్కదిమ్మ తీసి అట్టపెట్టె ముందు చూపించి "ఫోన్‌పే" అన్నాడు. కొట్టువాడు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత గొంతు మార్చి "వంద రూపాయలు వచ్చాయి" అని తనే పలికాడు, పెట్టెలోంచి వచ్చినట్టు.

నవ్వుకున్నాను గానీ, చదువుకి మొదటి మెట్టు అదే. చెక్కదిమ్మ ఫోన్ కాదని వాడికి తెలుసు. అయినా ఇప్పటికి ఇది ఫోన్ అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక వస్తువు ఇంకోదానికి బదులుగా నిలబడుతుంది. రేపు "క" అనే గీత ఒక శబ్దానికి బదులుగా నిలబడాలన్నా, "5" అనే గీత అయిదు పిక్కలకి బదులుగా నిలబడాలన్నా ఇదే ఒప్పందం కావాలి. రష్యాలో వైగోత్‌స్కీ అనే ఆయన వందేళ్ళకి కాస్త ఇటుగా కర్రని గుర్రం చేసుకుని ఆడే పిల్లల్ని చూసి చెప్పింది ఇదే. మా ట్రెయినింగ్‌లో ఆ పాఠం వచ్చినప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కొట్టు పెట్టాక అర్థమైంది.

రాయడం గురించి ఒక్క మాట. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవింకా ఎముకలు కావు, మెత్తగా ఉంటాయి. ఏళ్ళ మీద ఒక్కోటి గట్టిపడుతుంది. మూడేళ్ళ పిల్లాడి చేతిని ఎక్స్‌రే తీస్తే సాధారణంగా అందులో సగం కూడా కనపడవు. ఆ చేతితో నాలుగు గీతల కాపీలో పేజీ నింపమంటే పెన్సిల్ని పిడికిట్లో బిగించి నింపుతాడు, నింపలేక కాదు. ఆ పట్టు అలవాటైతే తర్వాత మాన్పించడానికి మా ప్రాణం పోతుంది. బంకమట్టి పిసకడం, పూసలు గుచ్చడం, తడిగుడ్డ పిండటం, చిక్కుడుకాయలు ఒలవడం, ఇవన్నీ ఆ చేతికి సాము.

---

లెక్కల నాన్న
ఆగస్టు 12, సాయంత్రం 7:32

చింతపిక్క గారూ, చాలా బాగా చెప్పారు, కాదనను. కానీ మీ క్లాసు మీది. మా పాప వెళ్ళిన చోట బోర్డు మీద ప్లేవే అనే ఉండేది. లోపల ఒక బంతుల తొట్టి, ఒక పెద్ద టీవీ. టీవీలో రైమ్స్ పెట్టి ఇద్దరు ఆయాలు గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళు. అదీ ఆటే, మీరు చెప్పిందీ ఆటే. బయట నిలబడే తల్లిదండ్రులకి తేడా ఎలా తెలుస్తుంది?

---

చింతపిక్క
ఆగస్టు 12, రాత్రి 9:05

న్యాయమైన ప్రశ్న. పుస్తకం లేనంత మాత్రాన అది మంచి నర్సరీ అయిపోదు. పిల్లల్ని వదిలేసి దానికి ఆట అని పేరు పెట్టుకునే చోట్లు బోలెడున్నాయి. అలాంటి చోట కంటే, శ్రద్ధగా అక్షరాలు దిద్దించే పాతకాలం పంతులమ్మే నయం అని నేనే అంటాను.

నేనైతే ముందు టీచర్ ఎక్కడుందో చూస్తాను. నిలబడి పైనుంచి మాట్లాడుతోందా, కింద కూర్చుని పిల్లాడి కళ్ళకి సమంగా ఉందా. తర్వాత ఆవిడ వేసే ప్రశ్నలు వింటాను. "ఇదేం రంగు?" అని వేలు చూపించి అడగడం తప్పు కాదు, కానీ రోజంతా అదే అయితే అది పరీక్షే. "నీ ఇల్లు పడిపోయిందిగా, ఎందుకు పడిందంటావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఆగగలిగితే ఆవిడకి పని వచ్చు. ఆ ఆగడమే కష్టం. నాకు నాలుగేళ్ళు పట్టింది.

బొమ్మలు ఎత్తులో అల్మారాలో ముద్దుగా సర్ది ఉంటే అనుమానించండి, అవి తల్లిదండ్రుల కోసం. పిల్లల చేతికందే ఎత్తులో, కాస్త మాసిపోయి, అంచులు అరిగిపోయి ఉండాలి. గోడల మీద వేసిన బొమ్మలన్నీ ఒకేలా, అన్ని ఆపిల్ పళ్ళకీ గీత దాటకుండా ఎర్రరంగు ఉంటే, అది టీచర్ చేతిపని. ఇంకోటి, మీ పిల్లాడి గురించి ఒక చిన్న సంగతి చెప్పమనండి. "చాలా యాక్టివ్ అండీ" అంటే ఏమీ చూడలేదని అర్థం. "నిన్న దిమ్మలతో వంతెన కట్టాడు, కింద నుంచి బస్సు పట్టలేదని మళ్ళీ కట్టాడు" అంటే చూసినట్టు.

---

ముంగిలి (సీతంపేట దగ్గర)
ఆగస్టు 13, మధ్యాహ్నం 2:48

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మాది కొండ మీద ఊరు. ముందు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. నలభై ఎనిమిది వేలు చదివి కాసేపు నవ్వుకున్నాను, తప్పుగా అనుకోకండి. మా దగ్గర ఫీజు లేదు, గుడ్డు, పాలు మేమే ఇస్తాం. ఏసీ లేదు గానీ వేపచెట్టుంది.

చింతపిక్క గారు ఆట గురించి చెప్పారు, నేను కథ గురించి చెప్తాను. మా సెంటర్లో పద్దెనిమిది మంది పిల్లలు, చాలామంది ఇళ్ళలో సవర మాట్లాడతారు. నేను చేరిన కొత్తలో తెలుగులో ఏడు చేపల కథ చెప్తే కళ్ళప్పగించి చూసేవాళ్ళు. నా మాట అర్థమై కాదు, నా చేతులు ఊగుతున్నాయని. మా ఆయా సవరే. ఒకరోజు ఆవిడతో అదే కథ సవరలో చెప్పించాను. చేప ఎండలేదనగానే పిల్లలు ముందుకి జరిగారు. మర్నాడు నేను తెలుగులో చెప్పాను. ఈసారి ఏం జరుగుతుందో వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి నా మాటలు పట్టుకోగలిగారు. "గడ్డిమోపు" అన్న మాట అలాగే వచ్చింది వాళ్ళకి. ఇంటి భాషలో కథ ముందు, బడి భాషలో తర్వాత. ఇది నాకు ఏ శిక్షణలోనూ రాలేదు, ఆయా నేర్పింది.

ఆ కథలో గొప్పతనం చూడండి. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం, మోపు ఎందుకు అడ్డమంటే ఆవు మెయ్యలేదు, ఆవు ఎందుకు మెయ్యలేదంటే పాలేరు మేపలేదు. అలా అలా చీమదాకా. ఒక పనికి ఒక కారణం, దానికి ఇంకో కారణం. వరస తప్పితే కథ నిలబడదు, అందుకని వరస వాళ్ళే పట్టుకుంటారు. నేను కావాలని ఆవుని వదిలేసి పాలేరు దగ్గరికి దూకితే పద్దెనిమిది మందీ ఒకేసారి "ఆవూ!" అని అరుస్తారు. నాలుగేళ్ళ పిల్లాడి చేత ఏడు విషయాలు వరసగా గుర్తుపెట్టించడానికి ఇంతకంటే సులువైన దారి ఉంటే చెప్పండి.

పోయిన వారం ఒక పిల్ల, ఇంకా నాలుగు నిండలేదు, కథంతా విని "మరి చేప ఏటయింది?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను. చీమ దగ్గరే ఆపేస్తాం. ఆ చేప చివరికి ఎండిందో లేదో ఎవరూ చెప్పరు! ఆ పూట మిగతా పనులన్నీ మానేసి చేప ఏమైందో మాట్లాడుకున్నాం. ఒకడు పిల్లి తినేసిందన్నాడు. ఒకతి వానొచ్చిందంది. ఆ పిల్ల మాత్రం గడ్డిమోపు పక్కకి లాగేస్తే సరిపోయేది కదా, ఇంతమందిని ఎందుకు అడిగాడు అంది.

ఇదంతా యాప్‌లో ఎక్కించడానికి గడి లేదు. బరువు, ఎత్తు, హాజరు, ఫొటో, అంతే. సూపర్‌వైజర్ వస్తే రిజిస్టర్లే చూస్తారు. మేం చేసే పని కనపడేదీ కాదు, కొలిచేదీ కాదు, ఆ మాటకొస్తే మీ అత్తగారి బాధా అదే.

మా పేరు సంగతి కూడా చెప్పేస్తాను. అంగన్ అంటే ముంగిలి. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ గారు 1945లో బోర్డీలో పని మొదలుపెట్టి, గిరిజన పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ముంగిళ్ళలోకి తీసుకెళ్ళారు. గులకరాళ్ళు, ఆకులు, గింజలతోనే ఆడించేవారు, పాఠాలూ వాటితోనే. ఆవిడతో అనుతాయి వాఘ్ గారు. దేశమంతా ఇప్పటి అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం వచ్చింది ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి, 1975 అక్టోబర్ 2న. నేను ఈ పేరుతో ఇక్కడ రాసేది అందుకే.

---

గోంగూరపప్పు
ఆగస్టు 13, మధ్యాహ్నం 3:15

నా వయసు నలభై ఆరు. చేప ఏమైందని నాకు ఇప్పటిదాకా డౌటే రాలేదు. ఇక ఇవాళ పని జరగదు.

---

పాత హెడ్మాస్టర్ (తెనాలి)
ఆగస్టు 13, రాత్రి 8:20

అమ్మాయీ, ఇసుకని అంత తేలిగ్గా తీసెయ్యమాకు. వీధి బడుల కాలంలో మొదటి అక్షరాలు ఇసుకలోనే. నేల మీద పల్చగా పరిచి, వేలితో దిద్దించేవారు. తప్పైతే అరచేత్తో చెరిపేస్తే సరి. వేలి కొసకి గీత తెలిసేది. ఇప్పటికీ అక్షరాభ్యాసం పళ్ళెంలో బియ్యం పోసి చేయిస్తున్నాం కదా.

అయితే ఆ బడులు స్వర్గమని చెప్పను. అదే బడిలో గోడకుర్చీ ఉండేది, పైనుంచి కట్టిన తాడుకి పిల్లాణ్ణి వేలాడదీసే కోదండం ఉండేది. మా నాన్నగారు తొంభై ఏళ్ళ వయసులో కూడా కోదండం మాటెత్తితే చేతులు వెనక్కి లాక్కునేవారు. పాతదంతా బంగారం కాదు.

ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను, ఎక్కువ భాగం ఆరు, ఏడు తరగతులకి. నాకు కనిపించిన లోటు అక్షరాలు రాకపోవడం కాదు, అవి ఆలస్యంగానైనా వస్తాయి. ప్రశ్న-జవాబు బట్టీ కొట్టి పదికి పది తెచ్చుకునే పిల్లాణ్ణి "ఈ పాఠం నీ మాటల్లో చెప్పు నాయనా" అంటే నేల చూపులు చూస్తాడు. ఒకడు చెప్పింది విని, దాన్ని వరసలో పెట్టుకుని, తన నోటితో తిరిగి చెప్పడం అనేది ఆరో తరగతిలో మొదలుపెడితే రాదు. కొండ మీద ఆ టీచరమ్మ చేసే పని నేను చేసిన దానికంటే పెద్దది, ముఖస్తుతి కాదు.

సున్నా చుట్టడం రాని చేతితో ఋ దిద్దించే వాళ్ళని చూస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

---

స్లౌ సుధ (ఇంగ్లండ్)
ఆగస్టు 14, తెల్లవారు 3:40

ఇక్కడ రాత్రి పదకొండు దాటింది, పిల్లలు పడుకున్నాక చదువుతున్నాను. నేను రిసెప్షన్ క్లాసులో టీచింగ్ అసిస్టెంట్‌ని. మన వాట్సాప్ గ్రూపుల్లో "విదేశాల్లో ఏడేళ్ళ దాకా చదువే చెప్పరు" అని తిరుగుతూ ఉంటుంది. అది అన్ని చోట్లా కాదు. ఏడేళ్ళకి బడి మొదలయ్యేది ఫిన్లాండ్ లాంటి చోట. అక్కడ కూడా ఆరేళ్ళకి ఒక ఏడాది ప్రీ-ప్రైమరీ ఉంది, 2015 నుంచి తప్పనిసరి. ఇంగ్లండ్‌లో అయితే నాలుగు నిండిన పిల్లలు రిసెప్షన్‌కి వస్తారు. రోజూ కాసేపు ఫోనిక్స్, అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో, ఖచ్చితంగా చెప్తాం. ఏడాది తిరిగాక, ఒకటో క్లాసులో, నలభై పదాలు చదివించి చూస్తారు. అందులో సగం అర్థం లేని పదాలు, బట్టీ పట్టి చెప్తున్నాడా, నిజంగా అక్షరాలు కూడబలుక్కుంటున్నాడా తెలియడానికి. కాబట్టి ఆట లేకపోతే అక్షరం అని రెండే దారులు లేవు. రోజులో పావుగంట అది, మిగతాదంతా ఇది.

మిగతాదంటే ఏంటో చెప్తే మా అమ్మ నమ్మలేదు. పెరట్లో మట్టి వంటిల్లు ఉంటుంది. పాత గిన్నెలు, గరిటెలు, బురద. జనవరి చలిలో కూడా రబ్బరు బూట్లేసుకుని బయటే. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు గేటు దగ్గర మా అమ్మాయిని చూసి "ఇదేంటే, పొలం నుంచి వచ్చినట్టుంది" అంది. ఆ రోజు అది బురదతో ఇడ్లీలు వేసి ముగ్గురు ఇంగ్లీషు పిల్లలకి పెట్టింది. చట్నీ లేకుండా తినకూడదని వాళ్ళకి రూలు కూడా చెప్పిందట. ఇడ్లీ, చట్నీ అన్న మాటలు ఆ వారమంతా క్లాసులో వినపడ్డాయి.

"ఇవాళ ఏం చేశావు" అంటే ఇక్కడి పిల్లలూ "నథింగ్" అనే అంటారు, మీ వాడొక్కడే కాదు. ఆ ప్రశ్న వాళ్ళకి మరీ పెద్దది. "ఇవాళ ఇసకలో నీ పక్కన ఎవరున్నారు?" అని అడగండి, అక్కడి నుంచి తీగ లాగితే వస్తుంది.

---

లెక్కల నాన్న
ఆగస్టు 14, రాత్రి 10:15

నిన్న రాత్రి చింతపిక్క గారి పోస్టు చదివాక ఒక పని చేశాను. మా చిన్నదానికి నాలుగున్నర. వంద దాకా చెప్తుంది, ఆ విషయంలో నాకు గర్వమే. భోజనానికి కూర్చుంటూ "అమ్మా, వంటింట్లోంచి ఏడు స్పూన్లు పట్రా" అన్నాను. వెళ్ళింది. గుప్పెడు తెచ్చి టేబుల్ మీద పోసింది. ఎన్ని అంటే ఒకటి రెండు మూడు అని చెప్పుకుంటూ పోయింది, వేలు మాత్రం ఒక లెక్కలో, నోరు ఒక లెక్కలో. పన్నెండు అంది. ఉన్నవి తొమ్మిది.

సరే, ఒప్పుకుంటున్నాను. కానీ నా అసలు బాధకి ఇంకా మందు లేదు. ఆ ఇంటర్వ్యూ సంగతేంటి?

---

కాగితప్పడవ (వరంగల్)
ఆగస్టు 15, ఉదయం 9:30

విద్యాహక్కు చట్టం 2009లో 13వ సెక్షన్ చూడండి. చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలు పెట్టి వడపోయకూడదని రాసి ఉంది. మెలిక ఏంటంటే ఆ చట్టంలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. నర్సరీ, ఎల్‌కేజీ దగ్గరికి వచ్చేసరికి ఆ మెలికే అడ్డం పెట్టుకుంటారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. 2022లో దానికి వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆరేళ్ళ లోపు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దంది, ఈ దశలో పరీక్షలు అసలే తగవంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

---

లెక్కల నాన్న
ఆగస్టు 15, ఉదయం 9:41

ఆ కాగితం గేటు దగ్గర వాచ్‌మన్‌కి చూపించాలా, మేడమ్‌కి చూపించాలా?

---

కాగితప్పడవ
ఆగస్టు 15, ఉదయం 9:50

మీ బాధ అర్థమైంది. నేను చేసింది చెప్తాను. మా బాబుని ఆట నర్సరీలోనే ఉంచాను. ఎల్‌కేజీకి పెద్ద పేరున్న స్కూలు ఆశ వదులుకుని, ఇంటర్వ్యూ పెట్టని ఒక మామూలు స్కూలు వెతుక్కున్నాం. ఇంటికి రెండు కిలోమీటర్లు ఎక్కువ. అక్షరాలు యూకేజీలో నాలుగు నెలల్లో వచ్చేశాయి. అందరికీ ఇలాగే కుదురుతుందని హామీ ఇవ్వను.

---

రేపల్లె మామ్మ (ప్రస్తుతం బెంగళూరు)
ఆగస్టు 16, సాయంత్రం 5:05

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెప్తున్నాను. నేనూ అత్తగారినే.

అమ్మాయ్, ఆవిడ అడిగింది ఫీజు గురించి కాదు. ఇన్నాళ్ళూ పిల్లాణ్ణి ఆడించింది, కథలు చెప్పింది ఆవిడ. ఇప్పుడు అదే పనికి స్కూలు వాళ్ళు వేలకి వేలు తీసుకుంటుంటే ఆవిడకి ఎలా ఉంటుంది? నాకూ అలాగే అనిపించింది. నా కోడలు కథల పుస్తకాలు ఆన్‌లైన్లో తెప్పించేది, నేను పక్కనే ఖాళీగా కూర్చునేదాన్ని. ఒకరోజు వామనగుంటల పీట బయటికి తీశాను. పద్నాలుగు గుంటలు, గుంటకి నాలుగేసి పిక్కలు. అయిదేళ్ళ మనవరాలు మూడో రోజుకి నన్ను ఓడించింది. ఏ గుంట నుంచి మొదలుపెడితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే కళ్ళతో లెక్కేసుకునేది. ఆ దొంగ చూపు ఇప్పటికీ గుర్తు. (అవును మామ్మా, నేనే, టైపు చేస్తున్నాను.)

స్కూలు మార్చే ముందు మీ అత్తగారికి పని అప్పజెప్పు. రోజూ పడుకునే ముందు ఒక కథ. టీవీ కట్టేసి.

---

బుజ్జిగాడి అమ్మ
అక్టోబర్ 9, రాత్రి 11:02

ఇన్నాళ్ళకి వచ్చాను, క్షమించండి. మధ్యలో వాడికి జ్వరం, తర్వాత దసరా, ఊరి ప్రయాణం.

ముందు స్కూలు సంగతి. చింతపిక్క గారు చెప్పినవి చూద్దామని ఒక గంట క్లాసులో కూర్చుంటానని అడిగాను. మొదట కుదరదన్నారు, రెండోసారి అడిగితే ఒప్పుకున్నారు. అంతా బాగుందని చెప్పను. ఇరవై నాలుగు మంది పిల్లలకి ఒక టీచరు, ఒక ఆయా. బొమ్మల అల్మారాకి తాళం ఉంది, నా ఎదురుగానే తీశారు. కానీ ఇసుక తొట్టి దగ్గర మా వాడు, ఇంకో పాప చెరో చెంబు పట్టుకుని గొడవపడ్డారు, ఎవరి చెంబులో ఎక్కువ పడుతుందని. ఒకటి పొడుగ్గా సన్నగా, ఒకటి పొట్టిగా లావుగా. నేనైతే "ఇద్దరివీ సమానమే, పోట్లాడుకోకండి" అనేసేదాన్ని. ఆ టీచర్ వచ్చి కింద కూర్చుని "ఎలా తెలుసుకుందాం?" అని ఊరుకుంది. నిమిషం పైనే ఎవరూ మాట్లాడలేదు. మా వాడే తన చెంబు నింపి ఆ పాప చెంబులో పోశాడు. పొంగి కింద పడింది. "నాదే పెద్దది" అన్నాడు. ఆ పాప "కాదు, నువ్వు గట్టిగా పోశావు" అంది. మళ్ళీ పోశారు, ఈసారి మెల్లగా. నేను కూర్చున్న గంటలో పావుగంట దానికే పోయింది.

అల్మారా తాళం గురించి, పిల్లల సంఖ్య గురించి పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాను. తాళం తీసేశారు. రెండో టీచర్ని జనవరిలో పెడతామన్నారు, చూడాలి. ఈ ఏడాదికి మార్చడం లేదు. ఎల్‌కేజీ సంగతి లెక్కల నాన్న గారు అన్నట్టు ఇంకా భయంగానే ఉంది.

అత్తగారి సంగతి. మామ్మ గారూ, మీరన్నది అక్షరాలా నిజం. కథ చెప్పమని అడిగితే "నాకేం వచ్చమ్మా, మీ స్కూలు వాళ్ళకే అన్నీ వచ్చు" అని రెండు రోజులు బెట్టు చేశారు. మూడో రోజు నుంచి ఏడు చేపలు. ఇప్పుడు నన్ను గదిలోకి రానివ్వడం లేదు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. వాడు చీమ దాకా వచ్చి ఆగలేదు. మళ్ళీ వెనక్కి బయల్దేరాడు. చీమ కుట్టడం మానేసిందట, పిల్లాడు ఏడుపు ఆపాడట, అవ్వ అన్నం పెట్టిందట, పాలేరు ఆవుని మేపాడట, ఆవు గడ్డి తినేసిందట. ఇంక చేప ఎండాలి కదా. "ఎండలేదు నానమ్మా, నేను బస్సులో ఎక్కించి కృష్ణలో వదిలేశాను. టికెట్టు కొంది" అన్నాడు.

అత్తగారు బయటికి వచ్చి "మీ వాడు కథంతా పాడుచేశాడు" అన్నారు. ఫోన్ తీసి మా ఆడపడుచుకి చెప్తూ అరగంట నవ్వారు.

పై ఫ్లాట్ పాప సాయంత్రాలు మా ఇంటికి వస్తోంది. హాల్లో కొట్టు పెట్టారు. ధరలు అట్టముక్కల మీద రాసేది ఆ పాపే, వీడికి రాయడం రాదుగా. చింతపిక్కలు మాత్రం నేను దగ్గరుండి లెక్కపెట్టి తీసి దాస్తున్నాను, ముక్కు సంగతి చదివిన దగ్గర్నుంచి.

ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. బూట్లలో ఇసుక పోవడానికి ఏం చేస్తున్నారు? మా వాషింగ్ మెషీన్ మెకానిక్ రెండోసారి వచ్చి వెళ్ళాడు.

---

స్లౌ సుధ
అక్టోబర్ 10, తెల్లవారు 3:18

గుమ్మం బయట పాత దుప్పటి పరిచి, దాని మీద నిలబెట్టి బూట్లు విప్పించండి. సాక్సులు తిరగేసి దులిపాకే లోపలికి రానివ్వండి. జేబులు మర్చిపోకండి, అసలు ఇసుకంతా అక్కడే ఉంటుంది.